ఎవరికీ చెప్పనన్నారు కదా

“దేవుడు నన్ను క్షమిస్తాడా మేడం?” అని ఫోన్‌లో ఒక అమ్మాయి అడిగింది. “ఇందులో నీ తప్పేం లేదమ్మా” అన్నాను. ఫోన్ పెట్టేసింది.

చాలా ఏళ్ళుగా ఈ మూడు వాక్యాల చుట్టూనే తిరుగుతున్నాను. నేనన్న మాటలో అబద్ధం లేదు. మన సభల్లో, మన పత్రికల్లో ఎన్నోసార్లు అనుకున్న మాటే, నేను నమ్మే మాటే. మరి ఆ పిల్ల ఎందుకు పెట్టేసింది?

ముందే ఒక సంగతి చెప్పాలి. ఫోన్‌లో విన్నది బయట చెప్పనని సంతకం పెట్టినదాన్ని నేను. ఇక్కడ రాస్తున్న అమ్మాయి ఊరూ, చుట్టరికమూ, సంవత్సరమూ అన్నీ మార్చాను. ఆ అమ్మాయే ఇది చదివినా తనని తాను పోల్చుకోలేని విధంగా రాయాలని ప్రయత్నించాను. అయినా ఒకరి కష్టాన్ని తెచ్చి నా ఆలోచనకి ఆధారం చేసుకుంటున్నానన్న ఇబ్బంది పోలేదు. రాసేవాళ్ళం కాబట్టి మనకిది కొత్తేమీ కాదు. ఇబ్బంది పడుతూనే రాస్తుంటాం.

ఖమ్మంలో ఒక క్రైస్తవ సంస్థ చదువుకునే పిల్లల కోసం 2013లో హెల్ప్‌లైన్ పెట్టింది. చర్చి ఆవరణలో వెనకవైపు ఒక గది, రెండు ఫోన్లు, ఒక రిజిస్టరు, గోడకి వాక్యం రాసిన క్యాలెండరు. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పది దాకా ఎవరో ఒకరం కూర్చునేవాళ్ళం. నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను. ఖమ్మం ఇంటర్ కాలేజీల ఊరని అందరికీ తెలుసు. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, చింతూరు వైపు నుంచి పిల్లలు ట్రంకుపెట్టెలతో దిగుతారు. గోదావరి దాటి అడవి అంచునుంచి వచ్చిన పిల్లకి హాస్టల్ గది, ఇంగ్లీషు మీడియం, వారం వారం పరీక్షలు, గోడమీద ర్యాంకుల జాబితా అన్నీ ఒక్కసారే ఎదురవుతాయి. సరిగ్గా చదవడం లేదని తిట్టేవాళ్ళకి కొదవలేదు. అన్నం తిన్నావా అని అడిగేవాళ్ళు తక్కువ. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పుల తడకగా వచ్చి, ఆ కొద్ది రోజుల్లోనే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. మా గదిలో మాత్రం ప్రతి ఏప్రిలూ అంతే.

ఇట్లాంటి ఫోన్లు ఎట్లా మొదలయ్యాయో శిక్షణలో చెప్పారు. 1935లో ఇంగ్లండులోని లింకన్‌లో చాద్ వారా అనే యువ మతగురువు తన మొదటి అంత్యక్రియలు జరిపించాడు. చనిపోయింది పద్నాలుగేళ్ళ పిల్ల. మొదటిసారి బహిష్టయితే, అదేదో పాడు జబ్బనుకుని, అడగడానికి ఎవరూ లేక ప్రాణం తీసుకుంది. 1953 నవంబరు 2న లండన్‌లోని తన చర్చిలో ఆయన ఒక ఫోన్ పెట్టాడు. అదే సమారిటన్స్. తర్వాత మద్రాసులో 1986లో స్నేహ, సికింద్రాబాద్‌లో 1997లో రోష్ని వచ్చాయి. స్త్రీల కోసం భూమిక హెల్ప్‌లైన్ 2006లో వచ్చింది. శిక్షణ ఇచ్చినాయన ఆ పద్నాలుగేళ్ళ పిల్ల సంగతి ఒక్క వాక్యంలో దాటేశాడు. ‘బహిష్టు’ అనే మాట దగ్గర కొంచెం గొంతు సవరించుకున్నాడు కూడా. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ప్రపంచంలో ఇన్ని ఫోన్లు మోగడానికి మూలం, తన ఒంటి గురించి అడగడానికి మనిషి దొరకని ఒక ఆడపిల్ల.

ఆ కథలోనే నాకు నచ్చిన ఇంకో ముక్క ఉంది. ఆయన్ని కలవడానికి జనం బారులు తీరితే, ఈలోపు వాళ్ళని కూర్చోబెట్టి టీ ఇచ్చి కబుర్లు చెప్పడానికి మామూలు మనుషులు కొందరు వచ్చేవారు. చాలామంది ఆ టీ తాగి, మాట్లాడి, లోపల ఆయన్ని చూడకుండానే తేలికపడి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. సంగతి గ్రహించి 1954లో వినే పనంతా వాళ్ళకే అప్పగించాడు. వినేచోట మతబోధ కూడదని నియమం పెట్టాడు.

మా దగ్గర ఆ నియమం అంత తేలిగ్గా రాలేదు. మొదట్లో ప్రతి ఫోనూ ప్రార్థనతో ముగించాలన్నారు. నేను ఒప్పుకోలేదు. నేను క్రైస్తవ కుటుంబంలోనే పుట్టాను. మా నాన్న దోర్నకల్ అధ్యక్ష మండలంలో పల్లెటూరి బడిపంతులు. 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పుగా వి.ఎస్. అజరయ్య దోర్నకల్‌కి రావడం, 1939లో అక్కడి పెద్ద గుడి ప్రతిష్ఠ ఇవన్నీ మా ఇంట్లో కథలుగా చెప్పుకునేవారు. మాల మాదిగ పల్లెలకి బడి, పలకా బలపం, ‘నువ్వు కూడా మనిషివే’ అన్న మాట ఏ దారిన వచ్చాయో నేను మర్చిపోను. దుమ్ముగూడెంలో గోదావరి ఆనకట్ట పనికొచ్చిన హేగ్ అనే ఇంజనీరు 1860లలో కోయల మధ్య మిషన్ పనికి బీజం వేశాడు. కాబట్టి అడవి అంచున ఈ పేరు కొత్తది కాదు, దాని మీద అనుమానమూ కొత్తది కాదు. “మతం మార్చడానికే ఫోన్ పెట్టారు” అని ఒక ఆదివాసీ విద్యార్థి నాయకుడు మా పోస్టరు ముందే నిలబడి అన్నాడు. సంస్థలో పెద్దలు నొచ్చుకున్నారు. నాకైతే అతని మాట కొట్టిపారెయ్యదగ్గదని అనిపించలేదు. మనిషి అతి బలహీనంగా ఉన్న క్షణంలో చెయ్యి అందించి, ఆ చేతిలోనే మన పుస్తకమూ పెడితే అది సాయమెంత, బేరమెంత? రెండు మూడు నెలల వాదన తర్వాత, పిలిచినవాళ్ళు అడిగితేనే ప్రార్థన అని తేల్చారు. గెలిచానని సంతోషించాను. నా దగ్గర కూడా ఒక పుస్తకం ఉందని అప్పుడు తోచలేదు.

వినడం అంటే ఏమిటో ఒక రాత్రి కొంచెం తెలిసింది. తొమ్మిది దాటాక ఫోన్ మోగింది. చర్ల అవతలనుంచి అనుకుంటాను, సిగ్నలు వస్తూ పోతూ ఉంది. తెలుగులో రెండు ముక్కలు చెప్పి ఆగిపోయింది. నేను ఊరుకున్నాను. తర్వాత ఆ పిల్ల కోయలో మాట్లాడటం మొదలుపెట్టింది. నాకు కోయ రాదు. ఇన్నేళ్ళు ఈ జిల్లాలో ఉండి, ఆ పిల్లలకే సంధులూ సమాసాలూ నేర్పుతూ, వాళ్ళ భాషలో నీళ్ళు అడగడం కూడా నేర్చుకోలేదు. అయిదారు నిమిషాలు మాట్లాడింది. మధ్యలో ఏడ్చింది, ఎవర్నో తిట్టింది. నేను ‘ఊఁ’ కొట్టడం తప్ప చేసిందేం లేదు. చివరికి తెలుగులో “అయిపోయిందక్కా, పడుకుంటా” అంది. రిజిస్టరులో ‘సమస్య’ అనే గడిలో ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలేశాను. ఆ ఖాళీ గడికి మర్నాడు సంజాయిషీ అడిగారు.

మళ్ళీ మొదటి అమ్మాయి దగ్గరికి వస్తాను. పదహారేళ్ళది. ఊళ్ళో పై చదువు లేక పిన్ని ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఆ ఇంట్లో బాబాయి. అంతకంటే చెప్పను. తాను పాపం చేశానంది. ఉపవాసం ఉంటున్నానంది. ఆదివారం గుడికి వెళ్తే లోపల కూర్చోలేక మెట్లమీదే ఉండిపోతున్నానంది. దేవుడు క్షమిస్తాడా అంది.

క్షమించడం అనే మాట వింటే నాకు మా చెల్లి గుర్తొస్తుంది. 1994లో తనకి పందొమ్మిదేళ్ళు. మా సంఘంలోని అబ్బాయితోనే విజయవాడ వెళ్ళి నాలుగు రోజులకి తిరిగొచ్చింది. మర్నాటి ఆదివారం ఆరాధన మధ్యలో సంఘం ముందు నిలబెట్టి తప్పు ఒప్పించారు. ఆర్నెల్లు ప్రభు భోజనపు బల్లకి దూరం పెట్టారు. ఆ అబ్బాయి కొత్తగూడెంలో మేనమామ ఇంటికి వెళ్ళిపోయాడు. క్రిస్మసుకి తెల్ల చొక్కాతో వచ్చి అందరితో పాటు సంస్కారం తీసుకున్నాడు. ఆర్నెల్ల తర్వాత చెల్లిని కూడా క్షమించారు, చప్పట్లు కూడా కొట్టారు. ఆ రోజు నేను నాలుగో వరసలో కూర్చుని ఉన్నాను. హైదరాబాదులో ఎమ్మే చదువుతున్నదాన్ని, స్త్రీవాద కవిత్వం మీద సెమినార్ పేపరు రాసినదాన్ని. లేచి ఒక్క మాట అనలేదు. అమ్మా నాన్నల పరువు అనుకున్నాను. ఇరవయ్యేళ్ళు పోయాక, ఈ హెల్ప్‌లైన్‌లో చేరిన కొత్తలో, ఒక రాత్రి ధైర్యం చేసి చెల్లితో ఆ సంగతి ఎత్తాను. “అందరూ క్షమించారు గదక్కా. అసలేం జరిగిందని మాత్రం ఒక్కళ్ళూ అడగలేదు, నువ్వు కూడా” అంది. అప్పుడు అడిగాను. “ఇప్పుడెందుకులే” అని పప్పులో పోపు వేసుకుంటూ ఉండిపోయింది.

ఈ పిల్ల ఫోన్‌లో క్షమాపణ అనగానే నాలో లేచింది మా చెల్లి విషయంలో మూసుకుని ఉన్న నోరు. అందుకే అంత వేగంగా, అంత గట్టిగా “నీ తప్పేం లేదు” అన్నాను. ఆ మాట ఆ పిల్లకి ఎంత చెప్పానో, నాలుగో వరసలో కూర్చున్న నాకు కూడా అంతే చెప్పుకున్నాను. ‘క్షమిస్తాడు’ అని ఉంటే ఆ పిల్ల పాపాన్ని ఖాయం చేసినట్టే, అది నేను అననుగాక అనను. అంతవరకు సరే. కానీ నేనన్నది కూడా ఒక సువార్తే. అడగకుండా చేతిలో పెట్టిన పుస్తకమే.

ఇంకొంచెం ఆలోచిస్తే వేరే సంగతి కనిపించింది. తప్పు తనదైతే ఆ పిల్ల చెయ్యగలిగింది కొంత ఉంది. ఉపవాసం ఉండొచ్చు, ప్రార్థన చేసుకోవచ్చు, ఇకమీదట జాగ్రత్తగా ఉంటానని ఒట్టు పెట్టుకోవచ్చు. క్షమాపణ దొరికితే అది అక్కడితో ముగుస్తుంది, ఎవరికీ తెలియకుండా. ఇల్లు ఇల్లుగా ఉంటుంది, పిన్ని పిన్నిగా ఉంటుంది, చదువు సాగుతుంది. తప్పు తనది కాకపోతే మరి అది బాబాయిది. ఆ మాట ఒప్పుకున్న క్షణం నుంచి ఆ ఇంట్లో అన్నం ఎట్లా తింటుంది? పిన్నికి ఏం చెప్తుంది? చెప్తే పిన్ని ఎవరి వైపు ఉంటుంది? ఊరికి పోతే చదువు ఆగుతుంది, ఆగితే పెళ్ళి. ఆ అపరాధ భావన ఆ పిల్లకి బరువే, కానీ తలమీద ఉన్న ఒకే ఒక్క కప్పు కూడా అదే. నేను దూరంగా కూర్చుని ఒక్క వాక్యంతో ఆ కప్పు పీకేశాను. వేరే నీడ చూపించలేదు. ఎనిమిదింటికి నా డ్యూటీ అయిపోతుంది, నేను మా ఇంటికి పోతాను. ఆ పిల్ల కూడా ఇంటికే పోవాలి.

స్త్రీల అపరాధ భావన గురించి మనం చాలా రాశాం. పితృస్వామ్యం దాన్ని ఎట్లా తయారుచేస్తుందో, శీలం అనే మాటతో ఎట్లా పెంచి పోషిస్తుందో రాశాం. అదంతా నిజమే. అయితే ఆ భావన వదులుకోవడానికి ఎంత ఖర్చవుతుందో, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో అంతగా రాయలేదేమో. జీతమూ ఇంటి తాళమూ చేతిలో ఉన్న నాకు ‘తప్పు నీది కాదు’ అన్నది విముక్తి వాక్యం. పిన్ని ఇంట్లో చాపమీద పడుకునే పిల్లకి అదే మాట ఇంట్లోంచి బయటికి దారి చూపించడం లాంటిది కావచ్చు, అది కూడా రాత్రిపూట.

పదకొండు రోజులకి మళ్ళీ ఫోన్ చేసింది. ఆ రోజు నేను లేను. మిషన్ ఆసుపత్రుల్లో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరైన నర్సమ్మగారు ఉన్నారు. ఆవిడ ప్రార్థన గురించి నాతో అందరికంటే గట్టిగా వాదించిన మనిషి. ‘స్త్రీవాదం’ అంటే మొగుళ్ళని వదిలేయడమని ఆవిడ అభిప్రాయం, ఎంత చెప్పినా మారలేదు. ఆ పిల్ల మళ్ళీ అదే అడిగిందట. “దేవుణ్ణి తర్వాత అడుగుదాం తల్లీ. ముందు ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావో చెప్పు. గదికి లోపల గడియ ఉందా?” అన్నారట ఆవిడ. గడియ లేదు. అక్కడినుంచి యాభై నిమిషాలు మాట్లాడారు. చనిపోవాలని ఉందా అని సూటిగా అడిగారు. ఉందంది. ఇంట్లో పురుగుల మందు డబ్బాలు ఎక్కడుంటాయో అడిగారు, ఆ రాత్రి తోడుండగల క్లాస్‌మేటు పేరు చెప్పించారు, ఆ పిల్ల వాళ్ళమ్మ నంబరు రాయించుకున్నారు. దేవుడి ప్రస్తావన మళ్ళీ రాలేదు. రిజిస్టరులో ఇదంతా చదివి నాకు ఎంత సిగ్గేసిందో, కొంచెం అసూయ కూడా ఎంత కలిగిందో దాచుకోను.

తర్వాత వచ్చింది అసలు చిక్కు. మా పోస్టరు మీద పెద్దక్షరాలతో ‘నీ మాట మా దగ్గరే ఉంటుంది’ అని ఉండేది. 2012లో పోక్సో చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని ఆ చట్టంలోని 19వ సెక్షన్. చెప్పకపోతే శిక్ష. ఊరందరికీ తెలిసి ఏళ్ళ తరబడి మూతపడి ఉండే ఇళ్ళ తలుపులు తెరిపించే చట్టం కాబట్టి దాన్ని నేను సమర్థిస్తాను. ఇష్టపడి కలిసున్న పదిహేడేళ్ళ పిల్లల్ని కూడా అదే చట్టం ఠాణాకి లాక్కుపోవడం అడవి గూడేల్లో చూశాను కూడా. అది వేరే వ్యాసం. ఇక్కడ సమస్య ఏమిటంటే, మేం గోడమీద ఒక మాట ఇచ్చాం. ఆ మాటని నమ్మి ఆ పిల్ల నోరు తెరిచింది. విన్న క్షణం నుంచి ఆ మాట మా చేతుల్లో లేదు.

ముందే చెప్పాలి అని ఇప్పుడు చాలామంది అంటారు. ఫోన్ ఎత్తగానే “నీకు పద్దెనిమిది నిండకపోతే కొన్ని సంగతులు మేం పైకి చెప్పాల్సి వస్తుంది” అనాలట. అన్నాం కూడా, తర్వాత కొన్నాళ్ళు. సగం ఫోన్లు అక్కడే ఆగిపోయేవి. ఆగిపోయిన ఫోన్ వెనక ఏముందో ఎవరికీ తెలియదు. చెప్పకపోతే పిల్లల్ని మాటల్లో పెట్టి రాబట్టినట్టు అవుతుంది. ఈ రెండింటిలో ఏది తక్కువ తప్పో నన్నడిగితే, ముందే చెప్పడమే అంటాను. కాని ఆ జవాబు నాకే పూర్తిగా నచ్చదు. నిజాయితీగా ఉన్నామన్న తృప్తి మనకి, తలుపు మూసుకుపోయిన నిశ్శబ్దం వాళ్ళకి.

నర్సమ్మగారు ఆ పిల్లని మర్నాడు పిలిచి, చట్టం సంగతి దాచకుండా చెప్పారు. నేను పక్కనే కూర్చున్నాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, “ఎవరికీ చెప్పనన్నారు కదా” అంది. కోపంగా కూడా అనలేదు, పాఠంలో ఒక వాక్యం అప్పజెప్పినట్టు అంది. ఆవిడ “అవునమ్మా, అన్నాం. అనకుండా ఉండాల్సింది” అన్నారు. సర్దిచెప్పే ప్రయత్నం చెయ్యలేదు. నేనైతే నీ మంచికే అని ఉండేదాన్ని.

1098కి చెప్పారు, పోలీసులకి చెప్పారు. పిల్ల సొంత ఊరు 2014లో ఆంధ్రలో కలిపిన ముంపు మండలాల్లో ఒకటి, ఉంటున్నది తెలంగాణలో. కేసు ఏ రాష్ట్రంలో పెట్టాలన్న దగ్గరే రెండు రోజులు తిప్పారు. పిల్లని హాస్టల్లో చేర్చారు. పిన్ని వచ్చి గేటు దగ్గర శాపనార్థాలు పెట్టింది. ఆవిడ మాత్రం ఎక్కడికి పోతుంది, ఇద్దరు చిన్నపిల్లలతో? బాబాయి బెయిలు మీద బయటికొచ్చాడు. పిల్ల పరీక్షలు రాసింది, పాసయింది. ఇది విజయమని మా సంస్థ నివేదికలో రాసుకుంది. ఆ వాక్యం కొట్టెయ్యమని నేనూ నర్సమ్మగారూ కలిసి అడిగాం. మేమిద్దరం ఒకే మాట మీద నిలబడటం అదే మొదటిసారి.

2020 లాక్‌డౌన్‌లో ఆ గది మూతపడింది, మళ్ళీ తెరవలేదు. 2022 నుంచి ప్రభుత్వం వారి టెలీమానస్ 14416 నంబరు ఉంది. నా విద్యార్థులకి అదే రాయించుతాను. నర్సమ్మగారు ఇప్పుడు పాల్వంచలో కొడుకు దగ్గర ఉంటున్నారు. మొన్న సంక్రాంతి సెలవుల్లో చూడటానికి వెళ్ళాను. ఆ పిల్ల అప్పుడప్పుడు ఫోన్ చేస్తుందట. బీఎస్సీ నర్సింగ్‌లో చేరిందట. మాతో మాట్లాడినందుకు ఇప్పుడేమనుకుంటోందని అడగబోయి మానేశాను. వేరే ప్రశ్న అడిగాను.

“దేవుడు క్షమిస్తాడా అన్నదానికి చివరికి ఏం చెప్పారు మీరు?”

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

“మళ్ళీ అడగలేదమ్మా” అన్నారు.